గర్భసంచి, ముఖద్వారం, అండాశయం: క్యాన్సర్ అనుమానం వచ్చినప్పుడు ఏ పరీక్ష, ఏ చికిత్స ఎంచుకోవాలి?

స్త్రీల జననేంద్రియాలకు వచ్చే క్యాన్సర్లలో మన దగ్గర ఎక్కువగా కనిపించేవి మూడు. ఒకటి గర్భసంచి ముఖద్వారానికి వచ్చేది, రెండోది గర్భసంచి లోపలి పొరలో మొదలయ్యేది, మూడోది అండాశయాలకు వచ్చేది. మూడూ పొత్తికడుపులో జానెడు చోటులోనే పుట్టినా వాటి కారణాలు, బయటపడే తీరు, పరీక్షలు, చికిత్సలు అన్నీ వేరు. ముఖద్వార క్యాన్సర్ ముదిరితే రేడియేషన్‌దే పెద్ద పాత్ర. లోపలి పొర క్యాన్సర్‌కు చాలామందిలో ఆపరేషనే సగానికి పైగా చికిత్స. అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషనూ కీమోథెరపీ రెండూ కలిసి నడవాలి. కాబట్టి ఏ పరీక్ష మంచిది, ఏ చికిత్స మంచిది అని అడిగే ముందు, జబ్బు ఈ మూడింటిలో ఏది, ఎంతవరకు పాకింది అన్న రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. ఈ వ్యాసంలో ఉన్న పోలికలన్నీ ఆ రెండు జవాబుల మీదే ఆధారపడి ఉంటాయి.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి మన రాష్ట్రాలకు సంబంధించిన కారణం ఒకటి ఉంది. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువగా అవుతోందనో, ముఖద్వారం మీద పుండు ఉందనో చెప్పి, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుందని భయపెట్టి చేసిన ఆపరేషన్లు అందులో ఎన్నో ఉన్నాయి. క్యాన్సర్ లేనివారికి ఇది అనవసరపు కోత. నిజంగా ముఖద్వార క్యాన్సర్ ఉన్నవారికి ఇంకా పెద్ద నష్టం. ముక్క పరీక్ష చేయకుండా మామూలు పద్ధతిలో గర్భసంచి తీసేసి, ఆ తర్వాత రిపోర్టులో క్యాన్సర్ అని తేలితే, కణితి మధ్యలోంచి కత్తి వెళ్లిందన్నమాట. ఆ పైన ఇవ్వాల్సిన రేడియేషన్ కూడా కష్టమవుతుంది. ఎందుకో కింద బ్రాకీథెరపీ (ఒంటి లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్) దగ్గర వివరిస్తాను.

లక్షణాన్ని బట్టి మొదటి పరీక్ష

సంభోగం తర్వాత రక్తం కనిపించడం, దుర్వాసనతో నీళ్లలాగా తెల్లబట్ట కావడం, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తస్రావం, ఇవి ముఖద్వారాన్ని అనుమానించాల్సిన లక్షణాలు. ఇక్కడ చేయాల్సిన మొదటి పని స్కానింగ్ కాదు. డాక్టరు స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టి ముఖద్వారాన్ని కళ్లతో చూడాలి. పొట్ట మీద చేసే అల్ట్రాసౌండ్‌లో ముఖద్వారం మీది చిన్న కణితి తరచూ కనిపించదు. స్కానింగ్ నార్మల్ అని రాసి ఉంది కదా అని నెలల తరబడి మాత్రలు వాడి, చివరికి కణితి పక్కలకు పాకాక పెద్దాసుపత్రికి చేరే స్త్రీలు మన దగ్గర తక్కువేమీ కాదు. లోపల చూసి పరీక్షించకుండా స్కానింగ్‌కు మాత్రమే పంపిస్తే, చూడమని అడగడం తప్పు కాదు.

ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా గర్భసంచి లోపలి పొర సంగతి తేల్చుకోవాలి. ఇక్కడ మాత్రం యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్ బాగా పనికొస్తుంది. లోపలి పొర మందం 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. అంతకన్నా ఎక్కువ ఉంటే, లేదా మందం తక్కువే ఉన్నా రక్తం మళ్లీ మళ్లీ వస్తుంటే లోపలి పొర నుంచి ముక్క తీయాలి. ఓపీలోనే సన్నని ప్లాస్టిక్ గొట్టంతో తీసే పైపెల్ పద్ధతి చాలామందికి సరిపోతుంది, మత్తు అక్కర్లేదు. గొట్టం లోపలికి పోకపోయినా, ముక్క చాలకపోయినా, రిపోర్టు నార్మల్ వచ్చినా రక్తం ఆగకపోయినా అప్పుడు హిస్టెరోస్కోపీతో లోపల చూస్తూ ముక్క తీయించుకోవాలి. ఊబకాయం, షుగరు, పీసీఓడీ ఉన్నవారిలో ముట్లుడగక ముందే ఈ క్యాన్సర్ రావచ్చు కనుక వయసు తక్కువని పరీక్ష వాయిదా వేయకూడదు.

అండాశయ క్యాన్సర్ లక్షణాలు ఆడవాళ్ల జబ్బులా కనిపించవు. కొంచెం తిన్నా పొట్ట నిండినట్లుండటం, పొట్ట ఉబ్బరం, మూత్రం మాటిమాటికీ రావడం వంటివి వారాల తరబడి దాదాపు రోజూ ఉంటాయి. గ్యాస్ అనుకుని అందరూ యాంటాసిడ్‌లతో కాలం గడుపుతారు. నలభై ఐదేళ్లు దాటిన స్త్రీకి ఇవి కొత్తగా మొదలై మూడు వారాలైనా తగ్గకపోతే యోని ద్వారా అల్ట్రాసౌండ్, సీఏ 125 రక్త పరీక్ష చేయించాలి.

ఏ లక్షణమూ లేనప్పుడు: వీఐఏ, పాప్ స్మియర్, హెచ్‌పీవీ

లక్షణాలు లేకముందే పట్టుకునే స్క్రీనింగ్ ఈ మూడింటిలో ముఖద్వార క్యాన్సర్‌కే ఉంది. కారణం సులభం. ఈ జబ్బుకు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ సోకిన నాటి నుంచి క్యాన్సర్ అయ్యే వరకు సాధారణంగా పదేళ్లకు పైగా పడుతుంది. ఆ మధ్యకాలంలో కణాల మార్పును కనిపెట్టి చిన్న చికిత్సతో తీసేయవచ్చు. అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా వస్తోంది, దాదాపు 80,000 మంది దీనితో చనిపోతున్నారు. నివారించగలిగిన జబ్బుకు ఇంతమందిని పోగొట్టుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం.

వీఐఏ అంటే ముఖద్వారానికి 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి, చోటు తెల్లగా మారిందా అని చూడటం. ఖర్చు దాదాపు లేదు, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది, శిక్షణ పొందిన నర్సు చేయగలదు. జాతీయ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకోసారి చేయాలని నిర్ణయించింది దీన్నే. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో వీఐఏ వల్ల ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. లోపం ఏమిటంటే, చూసేవారి అనుభవాన్ని బట్టి ఫలితం మారుతుంది. పైగా యాభై దాటిన స్త్రీలలో చూడాల్సిన ప్రాంతం ముఖద్వారం లోపలికి జరిగిపోతుంది కనుక వారికి ఇది అంతగా పనికిరాదు.

పాప్ స్మియర్‌లో కణాలను సేకరించి ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూస్తారు. మూడేళ్లకోసారి క్రమం తప్పకుండా, మంచి ల్యాబ్‌లో చేయిస్తే గొప్ప పరీక్ష. పాశ్చాత్య దేశాల్లో మరణాలు తగ్గింది దీనితోనే. కానీ ఒక్క స్మియర్ చేయించి జీవితాంతం నిశ్చింతగా ఉందామంటే కుదరదు. ఒక్కసారి చేసిన పరీక్షలో కణాల మార్పు కంటపడకుండా తప్పిపోయే అవకాశం గణనీయంగా ఉంది.

హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష జబ్బును కాదు, జబ్బుకు కారణమైన వైరస్‌ను వెతుకుతుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1,30,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గ్రామాల్లో, ఏ పరీక్షా చేయని గ్రామాలతో పోలిస్తే ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగమయ్యాయి. ఒక్క విడతతో పాప్ గానీ వీఐఏ గానీ అక్కడ అంత తేడా చూపలేకపోయాయి. పల్లెటూరి స్త్రీ జీవితంలో ఒకటి రెండుసార్లకు మించి పరీక్షకు రాలేని పరిస్థితి మనది కనుక ఈ ఫలితం మనకు ఎంతో విలువైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021 నుంచి దీన్నే మొదటి పరీక్షగా సిఫారసు చేస్తోంది. 30 ఏళ్లు దాటాక 5 నుంచి 10 ఏళ్లకోసారి చాలు. నమూనాను స్త్రీ తానే బ్రష్‌తో తీసుకోవచ్చు కూడా. సిగ్గుతో పరీక్షకు వెనకాడేవారికి ఇది పెద్ద ఊరట.

కాబట్టి స్థోమత ఉండి, ల్యాబ్ అందుబాటులో ఉంటే 30 దాటినవారు హెచ్‌పీవీ పరీక్షే చేయించుకోవాలన్నది నా సలహా. అది అందకపోతే దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వీఐఏ చేయించుకోవడం ఎంతో మేలు. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవారికి కూడా స్క్రీనింగ్ అవసరమే. ముప్పై లోపు వారికి హెచ్‌పీవీ పరీక్ష అనవసరపు భయం పెడుతుంది, ఎందుకంటే ఆ వయసులో సోకిన వైరస్ చాలామందిలో రెండేళ్ల లోపు దానంతటదే పోతుంది.

హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు, భర్త మీదో భార్య మీదో అనుమానపడాల్సిన కారణమూ కాదు. ఎప్పుడో సోకిన వైరస్ ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. తర్వాతి మెట్టు కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసి, అనుమానం ఉన్న చోట ముక్క తీయడం. క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు మాత్రమే ఉంటే రెండు దారులున్నాయి. మార్పు పూర్తిగా కంటికి కనిపిస్తూ, లోపలికి వెళ్లకుండా ఉంటే వేడితో గానీ చలితో గానీ కాల్చేయవచ్చు. పది నిమిషాల పని. మార్పు లోపలి కాలువలోకి వెళ్లినా, క్యాన్సర్ మొదలైందేమో అన్న అనుమానం ఉన్నా లీప్ పద్ధతిలో (వేడి తీగతో) ఆ భాగాన్ని కోసి తీసి పరీక్షకు పంపాలి. కాల్చేస్తే పరీక్షించడానికి ముక్క మిగలదు, తేడా అంతా అక్కడే ఉంది. ఈ దశలో గర్భసంచి మొత్తం తీసేయాల్సిన అవసరం చాలా అరుదు.

ముక్క పరీక్ష రిపోర్టును చదవడం

ముఖద్వారం మీద కంటికి కనిపించే కణితి ఉన్నప్పుడు పాప్ స్మియర్‌తో పని లేదు. నేరుగా ముక్క తీయాలి. కణితి మీద కుళ్లు, రక్తం ఉన్నప్పుడు స్మియర్ నార్మల్ అని రావచ్చు, అది చూసి మోసపోతాం. రిపోర్టు చేతికి వచ్చాక మూడు సంగతులు వెతకండి. మొదటిది కణితి రకం: స్క్వేమస్ కార్సినోమా (పై పొర కణాల నుంచి పుట్టినది) అని ఉందా, అడినోకార్సినోమా (గ్రంథి కణాల నుంచి పుట్టినది) అని ఉందా. రెండోది, ఇన్వేసివ్ (లోపలి కణజాలంలోకి చొచ్చుకుపోయింది) అన్న మాట. అది లేకుండా హైగ్రేడ్ లీజన్, సిన్ 3 అని మాత్రమే ఉంటే అది ఇంకా క్యాన్సర్ కాదు. మూడోది, ముక్క చాలినంత ఉందా లేదా అన్న వ్యాఖ్య. ముక్క చాలలేదని రాసి ఉన్న రిపోర్టుతో చికిత్స మొదలుపెట్టకూడదు.

ఎంతవరకు పాకిందో తేల్చడానికి ఎంఆర్‌ఐ, సీటీ, పెట్ సీటీ మూడూ చెబుతారు. మూడూ అందరికీ అక్కర్లేదు. కణితి ఎన్ని సెంటీమీటర్లు, పక్క కణజాలంలోకి వెళ్లిందా అన్నది ఎంఆర్‌ఐ బాగా చూపుతుంది. లింఫ్ గ్రంథులకూ, దూరపు అవయవాలకూ పాకిందా అన్నది పెట్ సీటీ బాగా చూపుతుంది. కణితి పెద్దదైతే పెట్ సీటీకి పెట్టే ఖర్చు వృథా కాదు, ఎందుకంటే 2018లో వచ్చిన ఫిగో (అంతర్జాతీయ గైనకాలజీ సమాఖ్య) స్టేజింగ్ ప్రకారం గ్రంథులకు పాకితే స్టేజి మారిపోతుంది, రేడియేషన్ ఇచ్చే చోటు కూడా మారుతుంది. డబ్బు కటకటగా ఉంటే ఛాతీ, పొట్ట, పొత్తికడుపు సీటీతో పాటు అనుభవమున్న డాక్టరు చేసే పరీక్షతోనూ పని నడుస్తుంది.

ముఖద్వార క్యాన్సర్: ఆపరేషనా, కరెంటా?

జనం కరెంటు పెట్టడం అని పిలిచే రేడియేషన్‌కూ, ఆపరేషన్‌కూ మధ్య ఎంపిక ప్రధానంగా 4 సెంటీమీటర్ల గీత దగ్గర తేలుతుంది. కణితి అంతకన్నా చిన్నదై, ముఖద్వారం దాటకుండా, గ్రంథులు శుభ్రంగా ఉంటే రెండు చికిత్సలూ దాదాపు సమానంగానే నయం చేస్తాయి. 1997లో ఇటలీ నుంచి వచ్చిన అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు రెండు వైపులా 83 శాతమే. అయితే ఆపరేషన్ చేయించుకున్న వారిలో సగానికి పైగా మందికి ఆ తర్వాత రేడియేషన్ కూడా ఇవ్వాల్సి వచ్చింది, తీవ్రమైన ఇబ్బందులు కూడా వారిలోనే ఎక్కువ, 28 శాతానికి 12 శాతం. ఇక్కడి నుంచి నేర్చుకోవాల్సింది, రెండూ చేయాల్సి వస్తుందని ముందే తెలుస్తుంటే ఆపరేషన్ జోలికి పోకుండా నేరుగా రేడియేషన్‌కు వెళ్లడం మంచిదని. చిన్న కణితి ఉన్న నలభై ఏళ్ల లోపు స్త్రీకి ఆపరేషన్ వైపు మొగ్గవచ్చు, అండాశయాలను కాపాడుకోవచ్చు, ముందుగానే ముట్లుడిగే బాధ తప్పుతుంది. రేడియేషన్ పడితే అండాశయాలు పనిచేయడం మానేస్తాయి.

ఆపరేషన్ అనుకున్నాక కోసి చేయాలా, కీహోల్ పద్ధతిలో చేయాలా అన్నది తర్వాతి ప్రశ్న. చిన్న కోతలు, త్వరగా ఇంటికి పోవచ్చు అని ల్యాప్రోస్కోపీ, రోబో పద్ధతులకు ఇష్టపడటం సహజమే. కానీ ఈ ఒక్క జబ్బులో ఫలితం తారుమారైంది. 2018లో ప్రచురితమైన లాక్ అధ్యయనంలో రాడికల్ హిస్టెరెక్టమీని (గర్భసంచితో పాటు పక్క కణజాలాన్ని కూడా తీసే ఆపరేషన్) కీహోల్ పద్ధతిలో చేసినవారిలో నాలుగున్నరేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 86 శాతం, పొట్ట కోసి చేసినవారిలో 96.5 శాతం. మరణాలు కూడా కీహోల్ వైపే ఎక్కువ. అందుకే కంటికి కనిపించే ముఖద్వార కణితికి పొట్ట కోసి చేసే ఆపరేషనే ఈనాటి ప్రమాణం. రోబో ఉందన్న ప్రకటన చూసి ఆసుపత్రిని ఎంచుకోవడం ఈ విషయంలో పొరపాటు.

కణితి 2 సెంటీమీటర్లకు మించకుండా, లోతు తక్కువగా ఉన్నవారికి శుభవార్త ఒకటి ఉంది. షేప్ అనే అధ్యయనం 2024లో చూపినదాన్ని బట్టి వారికి పక్క కణజాలమంతా తీసే పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు, గ్రంథుల పరీక్షతో పాటు మామూలు హిస్టెరెక్టమీ సరిపోతుంది. మూడేళ్లలో పొత్తికడుపులో జబ్బు తిరగబెట్టడం రెండు గుంపుల్లోనూ రెండు నుంచి రెండున్నర శాతం ప్రాంతంలోనే ఉంది, మూత్రం ఆపుకోలేకపోవడం వంటి బాధలు చిన్న ఆపరేషన్‌లో తక్కువ. ముందుగా ముక్క పరీక్ష, ఎంఆర్‌ఐ జరిగి, ఎంతమేరకు తీస్తే చాలో కొలిచి చూశాకే ఈ నిర్ణయం తీసుకుంటారని గమనించాలి. పరీక్ష లేకుండా తీసేసే గర్భసంచికీ దీనికీ పోలిక లేదు. ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి ఇదే పరిమాణంలో కోనైజేషన్ (ముఖద్వారం నుంచి శంకువు ఆకారంలో ముక్క తీయడం) గానీ, ముఖద్వారాన్ని మాత్రమే తీసి గర్భసంచిని ఉంచే ట్రాకెలెక్టమీ గానీ సాధ్యం. ఈ మాట మనసులో ఉంటే మొదటి రోజే డాక్టరుకు చెప్పాలి.

కణితి 4 సెంటీమీటర్లు దాటినా, పక్కలకు పాకినా రేడియేషన్, దానితో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వడం సరైన మార్గం. అయినా ముందు కీమో ఇచ్చి గడ్డను చిన్నది చేసి ఆపరేషన్ చేద్దామన్న ప్రతిపాదన మన దగ్గర ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఈ రెండింటినీ పోల్చి తేల్చింది టాటా మెమోరియల్ ఆసుపత్రే. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో ఐదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు కీమో తర్వాత ఆపరేషన్ గుంపులో 69.3 శాతం, రేడియేషన్‌తో కలిపి కీమో ఇచ్చిన గుంపులో 76.7 శాతం. గడ్డ ఒంట్లోంచి బయటికి తీసేస్తేనే మనసుకు నెమ్మది అని కుటుంబం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ మన ఆడవాళ్ల మీదే చేసిన ఈ లెక్క రేడియేషన్ వైపే ఉంది.

రేడియేషన్‌లో బయటి నుంచి ఇచ్చేది సుమారు ఐదు వారాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ కొద్ది నిమిషాలు, మొత్తం పాతిక సిట్టింగులు. ఆ తర్వాతది బ్రాకీథెరపీ, అంటే లోపలి కరెంటు. మత్తు ఇచ్చి, యోని గుండా ముఖద్వారం లోంచి గర్భసంచి లోపలికి సన్నని లోహపు గొట్టం పంపుతారు, ముఖద్వారం పక్కన చిన్న పరికరాలు అమర్చి, స్కాన్ తీసి, ఎక్కడ ఎంత మోతాదు పడాలో లెక్కగడతారు. రేణువంత రేడియోధార్మిక మూలకం ఆ గొట్టంలోకి వచ్చి, కొన్ని నిమిషాలు నిలిచి, వెనక్కి వెళ్లిపోతుంది. ఒంట్లో ఏమీ మిగలదు. ఇలా సాధారణంగా మూడు నుంచి ఐదుసార్లు చేస్తారు. మూత్రాశయాన్నీ పేగునూ తప్పించి కణితి మీదే ఎక్కువ మోతాదు పడేలా చేయగలగడం దీనికే సాధ్యం. ముందే చెప్పిన అడ్డంకి ఇదే: గర్భసంచిని తొందరపడి తీసేస్తే ఆ గొట్టం నిలవడానికి చోటే ఉండదు.

బ్రాకీథెరపీ లేకుండా బయటి రేడియేషన్‌తోనే ముగించడం సగం చికిత్స. దాని బదులు ఆధునిక యంత్రంతో అదనపు సిట్టింగులు ఇస్తామంటే ఒప్పుకోకండి, ఫలితం సమానం కాదు. ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇక్కడ బ్రాకీథెరపీ ఉందా, లేకపోతే ఎక్కడికి, ఏ తేదీన పంపుతారు అన్నది. రెండో ప్రశ్న మొత్తం చికిత్స 8 వారాల్లో ముగుస్తుందా అన్నది. పండుగలని, పెళ్లిళ్లని, కూలి పనులని మధ్యలో మానేస్తే కణితి మళ్లీ పుంజుకుంటుంది. రక్తం తక్కువైతే ఎక్కించుకుని అయినా కొనసాగించాలి. కణితి మూత్రనాళాలను నొక్కి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) పెరిగితే, స్టెంట్ వేయించి కిడ్నీని కాపాడితే సిస్‌ప్లాటిన్ ఇవ్వడానికి దారి దొరుకుతుంది.

యంత్రాల సంగతి కూడా ఒక మాట. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అవసరమైన వారిలో పాత పద్ధతికీ, స్కాన్ చూస్తూ ఇచ్చే ఐఎంఆర్‌టీకీ మధ్య టాటా మెమోరియల్ చేసిన పోలికలో, మూడేళ్లకు చెప్పుకోదగ్గ పేగు ఇబ్బందులు 42.4 శాతం నుంచి 21.1 శాతానికి తగ్గాయి. నయం కావడంలో తేడా లేకపోయినా, జీవితాంతం విరేచనాలతో బాధపడకుండా ఉండటం చిన్న విషయం కాదు. కొత్త మందుల విషయంలో రెండు మార్గాలు వచ్చాయి. రేడియేషన్‌కు ముందు ఆరు వారాలు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఇవ్వడం ఒకటి. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీని (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) రేడియేషన్‌తో కలపడం రెండోది. మొదటిది పాత, చవక మందులతో అయ్యేది, సామాన్య కుటుంబం అడిగి తెలుసుకోదగ్గది. రెండోది ఖర్చులో చాలా పెద్దది. దాని కోసం అప్పులపాలై అసలు రేడియేషన్‌నే ఆలస్యం చేసుకోవద్దు.

చికిత్స ముగిశాక యోని బిగుసుకుపోవడం చాలామందిలో జరుగుతుంది. డైలేటర్ (యోనిని సాగదీసి ఉంచే నున్నని గొట్టం) వాడితే తగ్గించవచ్చు. ఈ మాట ఆసుపత్రిలో ఎవరూ చెప్పకపోతే అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. తర్వాతి పరీక్షలకు కూడా అది అవసరం.

గర్భసంచి లోపలి పొర క్యాన్సర్

ఇక్కడ పోలికలు సులువు. గర్భసంచి, అండనాళాలు, అండాశయాలు తీసేయడమే మొదటి చికిత్స. ముఖద్వార క్యాన్సర్‌కు భిన్నంగా ఇందులో కీహోల్ పద్ధతి సురక్షితమని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. లావుగా ఉండి, షుగరు, బీపీ ఉన్న స్త్రీలే ఎక్కువ కనుక చిన్న కోత వారికి నిజంగా మేలు. అయితే గర్భసంచిని లోపల ముక్కలు చేసి తీయకూడదు, యోని ద్వారా మొత్తంగా తీయాలి. ఆపరేషన్ తర్వాత మధ్యస్థ ప్రమాదం ఉన్నవారికి పొత్తికడుపు మొత్తానికి రేడియేషన్ ఇవ్వడం కన్నా యోనికి మాత్రమే బ్రాకీథెరపీ ఇవ్వడం చాలును, పేగు ఇబ్బందులు తక్కువ. తక్కువ ప్రమాదం ఉన్నవారికి ఏదీ అక్కర్లేదు. ఈ వర్గీకరణకు ఇప్పుడు కణితి మీద ఎంఎంఆర్, పీ53 అనే ప్రోటీన్లు ఎలా ఉన్నాయో చూసే రంగు పరీక్షలు చేయించడం తప్పనిసరి అనే చెప్పాలి. ఎంఎంఆర్ లోపం ఉంటే కుటుంబంలో లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉందేమో చూడాలి, అలాంటి వంశంలో పేగు క్యాన్సర్లు కూడా వస్తాయి. పిల్లలు కావాలనుకునే చిన్న వయసువారిలో గ్రేడ్ 1 కణితి లోపలి పొర దాటకపోతే ప్రొజెస్టిన్ హార్మోన్ మాత్రలతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ ఐయూడీతోనో కొంతకాలం నెట్టుకురావచ్చు. కానీ ప్రతి మూడు నుంచి ఆరు నెలలకూ ముక్క పరీక్ష చేయించే ఓపిక ఉండాలి.

అండాశయ క్యాన్సర్

ఈ జబ్బుకు స్క్రీనింగ్ లేదు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి సీఏ 125, స్కానింగులతో పరీక్షించినా మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. అందుకే ఏ లక్షణమూ లేనివారికి ప్యాకేజీలో భాగంగా సీఏ 125 చేయించడం డబ్బు దండగే కాక అనవసర ఆపరేషన్లకు దారితీస్తుంది. ఈ సంఖ్య 35 దాటిందంటే క్యాన్సర్ అని కాదు. ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్లు, నెలసరి రోజులు కూడా దాన్ని పెంచుతాయి. మన దేశంలో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది కడుపులో క్షయ. పొట్టలో నీరు, బరువు తగ్గడం, సీఏ 125 వందల్లో ఉండటం, స్కాన్‌లో గడ్డలు, ఇవన్నీ టీబీలో కూడా కనిపిస్తాయి. ముఖ్యంగా వయసు తక్కువ ఉన్న స్త్రీలో పొట్ట తెరవడానికి ముందు నీటి పరీక్ష, అవసరమైతే పొరల నుంచి ముక్క పరీక్ష చేయిస్తే మందులతో పోయే జబ్బుకు పెద్ద ఆపరేషన్ తప్పుతుంది.

అండాశయానికే పరిమితమైన గడ్డను సూదితో గుచ్చి ముక్క తీయకూడదు. గుచ్చితే పొట్టలో చిమ్మే ప్రమాదం ఉంది. దాన్ని పగలకుండా మొత్తంగా తీయాలి. కీహోల్‌లో సంచి పగులుతుందని అనుమానముంటే కోసి తీయడమే నయం. పొట్టంతా పాకిన జబ్బులో మాత్రం నీటి నుంచో, ముక్క నుంచో నిర్ధారణ తప్పనిసరి.

పాకిన జబ్బుకు ముందు ఆపరేషన్ చేయాలా, మూడు డోసుల కీమో ఇచ్చి తర్వాత చేయాలా అన్నది పెద్ద చర్చ. 2010లో యూరప్ నుంచి, 2015లో బ్రిటన్ నుంచి వచ్చిన రెండు అధ్యయనాల్లో ఆయుష్షులో తేడా లేదు, ముందు కీమో ఇచ్చినవారిలో ఆపరేషన్ ఇబ్బందులు తక్కువ. అయితే అసలు నిర్ణయించేది వరుస కాదు, చివరికి కంటికి కనిపించే గడ్డ ఏమీ మిగలకుండా తీయగలిగారా అన్నదే. ఒంట్లో బలం ఉండి, గడ్డ మొత్తం తీయవచ్చని గైనిక్ ఆంకాలజీ సర్జన్ నమ్మితే ముందే ఆపరేషన్. ఛాతీలో నీరు, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువ, నడవలేని నీరసం ఉంటే ముందు కీమో. మామూలు గైనకాలజిస్టు పొట్ట తెరిచి, క్యాన్సర్ అని చూసి, అండాశయాన్ని మాత్రం తీసి మూసేయడం అన్నింటికన్నా చెడ్డ దారి, ఎందుకంటే కొన్ని వారాల్లో మళ్లీ అదే పొట్టను తెరవాల్సి వస్తుంది. రెండో ఆపరేషన్‌లో పొట్టలో వేడి కీమో పోసే హైపెక్ కొందరికి ఉపయోగం చూపింది. గడ్డ పూర్తిగా తీయలేనిచోట మాత్రం అది పరిష్కారం కాదు.

జన్యు పరీక్ష గురించి ఖర్చని వెనకాడేవారికి ఇది గట్టిగా చెబుతున్నాను. హైగ్రేడ్ సీరస్ రకం అండాశయ క్యాన్సర్ ఉన్న ప్రతి స్త్రీకీ బీఆర్‌సీఏ అనే జన్యువుల పరీక్ష చేయించాలి. సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి మార్పు ఉంటుంది. ఉన్నవారికి కీమో తర్వాత ఓలాపరిబ్ మాత్రలు వేస్తే, ఏడేళ్లకు బతికి ఉన్నవారు 67 శాతం, వేయనివారిలో 46.5 శాతం అని సోలో 1 అధ్యయనం చూపింది. అదే పరీక్ష అక్కచెల్లెళ్లకూ కూతుళ్లకూ రొమ్ము, అండాశయ క్యాన్సర్ రాకముందే జాగ్రత్తపడే అవకాశం ఇస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్ల అమ్మాయిలకు వచ్చే జెర్మ్ సెల్ కణితుల (అండాలను తయారుచేసే కణాల్లో పుట్టేవి) కథ పూర్తిగా వేరు. అవి కీమోకు బాగా లొంగుతాయి, రెండో అండాశయాన్నీ గర్భసంచినీ ఉంచేయాలి. ఆ వయసు పిల్లకు అన్నీ తీసేద్దామని ఎవరైనా అంటే మరో డాక్టరును కలవకుండా సంతకం పెట్టకండి.

ఎక్కడికి వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జె, నిమ్స్, బసవతారకం, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా, తిరుపతి స్విమ్స్, గుంటూరు ప్రభుత్వాసుపత్రి క్యాన్సర్ విభాగం మన వారికి అందుబాటులో ఉన్నవి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ క్యాన్సర్ ప్యాకేజీలను భరిస్తాయి. మీకు రాసిన చికిత్స ప్యాకేజీలో ఉందా, బ్రాకీథెరపీ, పరీక్షల ఖర్చు అందులోనే వస్తుందా అని ఆరోగ్య మిత్ర దగ్గర ముందే తేల్చుకోండి. దగ్గరి ఊరిలో చిన్న ఆసుపత్రి ఉండి, దూరాన సర్జన్, రేడియేషన్, మెడికల్ ఆంకాలజిస్టులు కలిసి కూర్చుని నిర్ణయించే ఆసుపత్రి ఉంటే, నిర్ణయం దూరంలో చేయించుకుని కీమో డోసులు దగ్గర వేయించుకోవడం చాలామందికి కుదిరే మధ్యేమార్గం.

రెండో అభిప్రాయానికి ఒకటి రెండు వారాలు తీసుకోవడం వల్ల నష్టం లేదు, నెలలు గడిపితే ఉంది. వెళ్లేటప్పుడు కాగితాలతో పాటు ముక్క పరీక్ష స్లైడ్లు, మైనపు బ్లాకులు, స్కాన్ సీడీలు తీసుకెళ్లాలి. బ్లాకు ఉంటేనే ఎంఎంఆర్ వంటి కొత్త పరీక్షలు, కణితి మీద చేసే జన్యు పరీక్షలు మళ్లీ ముక్క తీయకుండా అవుతాయి. ల్యాబులో అడిగితే ఇస్తారు. ఆపరేషన్ జరిగి ఉంటే డాక్టరు రాసిన ఆపరేషన్ నోటు కావాలి, డిశ్చార్జి కాగితం చాలదు. చికిత్స మధ్యలో ఆసుపత్రి మారాల్సి వస్తే ఏ మందు ఎన్ని డోసులు, ఏ తేదీల్లో పడ్డాయో, రేడియేషన్ ఏ భాగానికి ఎంత మోతాదు ఇచ్చారో రాయించుకుని వెళ్లాలి. ఆ లెక్క లేకుండా మిగిలిన రేడియేషన్‌ను కొత్త చోట ఎవరూ సురక్షితంగా ఇవ్వలేరు.